వెంట్రుకవాసి

ఆయన్ని కంపెనీలో అందరూ కంపాసు అనేవాళ్లు. మొదట చాటుగా అన్నారు, తర్వాత ముఖం మీదే అన్నారు. ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు. ఆమెను సిరక్క అనేవాళ్లు. పొద్దస్తమానం సిరాతో కుస్తీ పట్టే అక్క కాబట్టి సిరక్క. దాన్ని ఎవరూ బిరుదు అనుకోలేదు, ఆమెతో సహా. ఇద్దరికీ పెళ్లయ్యాక కంపెనీ హాల్లో ఒక వేళాకోళం పుట్టింది. కంపాసు గీస్తాడు, సిరక్క నింపుతుంది, కాపురం గుండ్రంగా తిరుగుతుంది అని. పుట్టించింది ఎవరోగానీ, ఆ కాపురం ఎంత గుండ్రంగా ఉందో వాళ్లకేం తెలుసు.

కంపెనీ అంటే అచ్చు అక్షరాలు తయారుచేసే కంపెనీ. పుస్తకాల్లో, మందుల డబ్బాల మీద, బస్సుల నుదుటి మీద మనం చదివే అక్షరాలు వాటంతటవే పుట్టుకొస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు. ఎవరో ఒకరు నడుం వంచి ఒక్కో అక్షరాన్నీ జానెడు ఎత్తున కాగితం మీద పెన్సిలుతో గీయాలి. ఆ గీతల లోపల ఇంకొకరు కుంచెతో సిరా నింపాలి. తర్వాత ఆ కాగితం కింది అంతస్తులోని మిషనుకు పోయి, అక్కడ చీమ తలంత అయి, లోహంలోకి దిగి, లోకం మీద పడుతుంది.

గీసేవాళ్లు కిటికీల పక్కన కూర్చునేవాళ్లు, నింపేవాళ్లు గోడ పక్కన. గీసేవాళ్లంతా మగవాళ్లు, నింపేవాళ్లంతా ఆడవాళ్లు. ఇదేం పంపకమని ఎవరైనా అడిగితే, కిటికీ దగ్గర వేడికి సిరా కుంచె మీదే ఆరిపోతుందని హాలు మేస్త్రి చెప్పేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదుగానీ, పీకి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆ హాల్లో ఇంకో కట్టుబాటు ఉండేది. సిరా నింపిన కాగితం గీసినవాడి బల్ల దగ్గరికి తిరిగి పోకూడదు. పూర్వం పోయేదట. ఇక్కడ గీత దాటావు, అక్కడ గీత అందుకోలేదు అని గీసేవాళ్లు, మీ గీతే వంకరని నింపేవాళ్లు రోజూ తగువులాడుకునేవారట. పని సాగక మేస్త్రి ఆ దారి మూసేశాడు. అప్పట్నుంచి కాగితం కిటికీ నుంచి గోడకు, గోడ నుంచి మెట్ల కిందికి, ఒకే దారిన పోయేది. గీసినవాడు తన అక్షరాన్ని మళ్లీ చూసేది అచ్చయ్యాకే.

పెళ్లయిన కొత్తలో యజమానికి కొత్తరకం అక్షరం మీద మనసు పడింది. పాత అక్షరాలకు కొసల్లో కొమ్ములు, తోకలు. ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఊళ్లో అద్దాల మేడలు లేస్తున్నాయి, కొత్త బస్సులు వస్తున్నాయి, వాటి మీద ఈ ముసలి అక్షరాలేమిటని ఆయన బాధ. కంపాసు ఆ మాట కోసమే పుట్టినట్టు లేచి నిలబడ్డాడు. అక్షరమంటే ఒక వృత్తం, ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, అంతకుమించి ఏదున్నా కల్తీ అన్నాడు. గీత మందం ఎక్కడైనా ఒకటే. అంకెలూ అంతే, వృత్తం మీద వృత్తం పెడితే ఎనిమిది. ఆరును తలకిందులు చేస్తే తొమ్మిది. కన్ను మోసపోతుంది, చెయ్యి వణుకుతుంది, కంపాసు మాత్రం అబద్ధం చెప్పదని ఆయన సిద్ధాంతం. ఆ అక్షరాల కుటుంబానికి వలయం అని పేరు కూడా ఆయనే పెట్టాడు. ఎవరైనా నొసలు చిట్లించి, ఇదేదో తేడాగా ఉందే అంటే, జేబులోంచి చిన్న స్కేలు తీసి చేతిలో పెట్టి ఒకటే మాట అనేవాడు.

"కొలిచి చూసుకో."

మొదటిసారి వలయం అచ్చయి వచ్చిన రోజు హాలంతా బల్ల చుట్టూ మూగింది. కాగితం మీద సున్నా పక్క అక్షరాల కంటే కుదించుకుపోయినట్టుంది. ఎనిమిది ముందుకు తూలి పడబోతున్నట్టుంది. నిలువు గీతకు గుండ్రం అతుక్కునే చోటల్లా సిరా గడ్డకట్టినట్టు నల్లగా ఉంది. సగం అక్షరాలు జ్వరం పడి లేచినట్టున్నాయన్నాడు యజమాని. కంపాసు స్కేలు తీసిచ్చాడు. యజమాని నిజంగానే కొలిచాడు. అన్నీ సరిపోయాయి. సరిపోతే ఏం, చదివేవాడు స్కేలు పట్టుకుని చదవడు కదా అని, ఇంకొక్కసారి చూస్తాను, అప్పటికీ ఇలాగే వస్తే అక్షరమూ వద్దు, దాన్ని గీసినవాడూ వద్దన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కంపాసు అన్నం ముట్టలేదు. సిరక్కకు మాత్రం బల్ల దగ్గర చూసిన క్షణంలోనే జబ్బేమిటో తెలిసిపోయింది. చదువుకుని తెలుసుకున్నది కాదు. వందల అక్షరాల పొట్టలు నింపిన చెయ్యి, దానికి తెలియకుండా ఎలా ఉంటుంది? బల్లపరుపుగా ఉండే అక్షరం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. గుండ్రటిది ఒక్క చోటే ఆనుతుంది, అందుకని పొట్టిగా కనబడుతుంది. దాన్ని కింది గీతకు వెంట్రుకవాసి కిందికి, పై గీతకు వెంట్రుకవాసి పైకి పోనివ్వాలి. అడ్డంగా పోయే గీత నిలువు గీతకన్నా లావుగా కనబడుతుంది, దాన్ని కొంచెం చెక్కాలి. ఎనిమిదిలో పై గుండ్రాన్ని చిన్నది చేయాలి. అతుకుల దగ్గర సన్నబరచాలి. సున్నా సున్నాలా కనబడాలంటే అది అచ్చమైన సున్నా కాకూడదు. ఇంతే.

ఈ మాట ఆయనకు చెప్పింది కూడా. సున్నాను ఒక పిసరు కిందికి దించితే ఎలా ఉంటుందండీ అని అడిగింది. ఆయన కోప్పడి ఉంటే ఆమె ఓర్చుకునేది. ఆయన నవ్వాడు. చిన్నపిల్ల చందమామను తెచ్చిపెట్టమంటే నవ్వే నవ్వు అది. కంపాసు కంటే నీ కన్ను గొప్పదా అని కింది వాటాలో ఉండే తన చెల్లెలికి వినబడేలా నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. ఇక్కడ మొగుడే నవ్వాడు. సిరక్క ఏడవలేదు. ఆ మాట మళ్లీ ఎత్తకూడదని మాత్రం అనుకుంది.

పాపం, తప్పంతా నింపినవాళ్లదేనని కంపాసు తేల్చుకున్నాడు. మొదటిసారి నింపింది ఇంకో అమ్మాయి, గీత దాటని చెయ్యి ఆమెది. ఈసారి తన భార్యకే ఇవ్వమని మేస్త్రిని అడిగి, అవే వృత్తాలు, అదే మందం, ఒక్క గీతా మార్చకుండా మళ్లీ గీసిచ్చాడు. ఆ కాగితాలు గోడ పక్కకు వచ్చాయి. సిరక్క ఒక పక్క సిరా బుడ్డి, ఒక పక్క తెల్లరంగు పెట్టుకుంది. సున్నా అడుగున గీతను వెంట్రుకవాసి దాటించింది. పట్టుబడితే ఉద్యోగం పోతుంది, అంతకంటే ముందు కాపురానికి ఏమవుతుందో తెలియదు. అయినా దాటించింది. అతుకుల దగ్గర తెల్లరంగుతో నలుపును తినిపించింది. ఎనిమిది తలకాయ తగ్గించింది. మేస్త్రి పక్కనుంచి పోతుంటే తల ఎత్తలేదు.

ఈసారి అచ్చు చూసి యజమాని కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఒక్క ఊపిరిలో గీసినట్టుంది. కంపాసు భుజం మీద చెయ్యి వేసి, నువ్వు మామూలువాడివి కాదయ్యా అన్నాడు. కంపాసు ఛాతీ విరుచుకున్నాడు.

"చూశారా? అవే వృత్తాలు. నేను ఒక్క గీత మార్చలేదు. నింపిన చెయ్యి మారింది, అంతే."

అందరూ నవ్వి, సిరక్క చెయ్యి మంచిదన్నారు. ఆయన జీవితంలో అంత నిజమైన మాట ఇంకోటి అనలేదు. ఆ నిజం ఆయనకు మాత్రం అర్థం కాలేదు.

ఆమె అప్పుడే నోరు విప్పి ఉండొచ్చు. విప్పలేదు. ఆయన ఇల్లు చేరేసరికి ఈల వేస్తున్నాడు, అన్నం మారు అడిగి పెట్టించుకున్నాడు. ఆ ఈల ఆపడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఏదో ఒక రోజు తనే చూస్తాడు, కళ్లున్నవాడు చూడకపోతాడా అనుకుంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. అచ్చయిన ప్రతిదీ పట్టుకుని, చూడు, ఎంత కచ్చితమైన వృత్తమో అని ఆమెకే చూపించేవాడు. ఆమె దిద్దినందువల్లే అది వృత్తంలా కనబడుతోంది. అలా కనబడినంత కాలం ఆయనకు అనుమానం రాదు. తన పనితనమే తన నోరు కట్టేసిందని తెలుసుకోవడానికి ఆమెకు కొన్నేళ్లు పట్టింది.

వలయం ఊరంతా పాకింది. బస్సు నంబర్లు వలయంలోనే. రైలు స్టేషన్లో గడియారం అంకెలు వలయంలోనే. మందుల డబ్బాలు, బడిపిల్లల మొదటి వాచకం, సినిమా టికెట్లు, లిఫ్టు బొత్తాలు, ఆఖరికి వీళ్ల వీధి మలుపులో చెప్పుల దుకాణం. దూరం నుంచి చదవడానికి హాయిగా ఉందని అందరూ అనేవారు. కంపాసు బస్టాపులో పక్కవాడికి, అదిగో ఆ తొమ్మిది నాదే అని చూపించేవాడు. సిరక్క వెనకాల కూరగాయల సంచి పట్టుకుని నిలబడేది. సొమ్మొకడిది, సోకొకడిది. ఇక్కడ సోకు చేసుకునేవాడికి ఆ సొమ్ము తనది కాదని తెలియకపోవడం ఒక్కటే కొత్త.

తెలిసింది కింది వాటాలోని ఆడపడుచు ఒక్కదానికే. ఒకసారి తొందర పని వచ్చి సిరక్క కాగితాలు ఇంటికి తెచ్చుకుంది. కంపాసు ఇంట్లో లేడు. ఆడపడుచు పైకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, కుంచె గీత దాటడం చూసింది. గట్టి మనిషి, మాట దాచుకునే రకం కాదు. విషయమంతా విని పకపకా నవ్వింది.

"మా అన్నయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు వదినా. నువ్వు నాలుగో కాలు అతికించి నడిపిస్తున్నావన్నమాట."

చెప్పెయ్యమని ఆమె పోరింది. చెప్తే నవ్వుతారంది సిరక్క. నవ్వితే నవ్వనీ అంది ఆడపడుచు. ఒకసారి నవ్వించుకున్నాను చాలు అంది సిరక్క. ఆడపడుచు ఆ గుట్టు కడుపులోనే పెట్టుకుంది, అది ఆమె చేసిన అతిపెద్ద త్యాగం.

కాలం గడిచింది. లోహం పోయి కంప్యూటర్లు వచ్చాయి. హాలు మూశారు, కిటికీ పక్కవాళ్లూ గోడ పక్కవాళ్లూ ఒకే రోజు ఇంటికి పోయారు. ఆ విషయంలో మాత్రం అందరికీ ఒకే న్యాయం జరిగింది. కొన్నాళ్లకు పాత కంపెనీని కొన్న కొత్త కంపెనీ వలయాన్ని ఫోన్లలోకి, తెరల మీదికి తేవాలనుకుంది. ఆ పని చూసే ఒకావిడ ఇంటికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, మర్యాదస్తురాలు. కంపాసు ఆమెను కంప్యూటరమ్మాయి అన్నాడు, ఆ పేరే ఉండిపోయింది. గోదాములో పాత కాగితాలన్నీ దొరికాయనీ, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి కొలుస్తున్నామనీ, కంపెనీ ముందు హాల్లో గోడకు ఒక పలక పెట్టి రూపకర్త పేరు చెక్కిస్తామనీ చెప్పింది. పేరు ఎలా చెక్కించాలో ఆలోచించి చెప్పండి సార్ అంది. టీ ఇచ్చిన చెయ్యి వైపు ఆమె చూడలేదు. తెలియదు కదా, ఆమెను అనడానికి లేదు.

విడుదల సభ పగలే పెట్టారు. ముందు వరసలో కంపాసు, పక్కన సిరక్క, ఆ పక్కన కొత్త చీర కట్టుకుని ఆడపడుచు. కంప్యూటరమ్మాయి తెర మీద వలయం సున్నాను గోడంత చేసి చూపించింది. దాని మీద ఎర్రగీతతో అసలైన వృత్తాన్ని పెట్టింది. రెండూ కలవలేదు. సున్నా కింద, పైన కొంచెం బయటికి ఉంది, అడ్డంగా కొంచెం లోపలికి ఉంది. ఎనిమిది, ఆరు, తొమ్మిది, ఒక్కొక్కటే చూపించింది. ఈ అక్షరాల్లో ఒక్క వృత్తం కూడా వృత్తం కాదని, లోకం కంపాసు అని పిలిచిన మనిషి నిజానికి ప్రతి గీతనూ కంటితో దిద్దాడని, ఆ వినయం చూసి తన కళ్లు చెమర్చాయని చెప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆయన లేవలేదు. ఎర్రగీత వైపే చూస్తున్నాడు. పక్కవాళ్లు చెయ్యి పట్టి లేపితే లేచి, గాజు జ్ఞాపిక పుచ్చుకుని, థాంక్స్ అని కూర్చున్నాడు. ఆడపడుచు మోచేత్తో సిరక్క డొక్కలో ఒక్కటి పొడిచింది. సిరక్క ఆయన ముఖం వైపే చూసింది. భయం కాదు. ఇన్నాళ్లకు తెలిసింది, ఇక ఆయన ఏదో ఒకటి అనక తప్పదన్న ఆశ.

ఇంటికి వచ్చి ఆయన బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వేనా?"

"నేనే."

"అన్నీనా?"

"అన్నీ."

తిట్టినా ఫరవాలేదనుకుంది ఆమె. ఆ తిట్టులోనైనా, ఇది నువ్వు చేసిన పని అన్న ఒక్క మాట ఉంటే చాలు. ఆయన నెమ్మదిగా అన్నాడు, తనను దొంగను చేసిందని, తనది కానిదానికి ఇన్నేళ్లూ తనతో తల ఊపించిందని.

"అయితే నాది కూడానని చెప్పండి," అంది ఆమె. "ఆ అమ్మాయి అడిగిందిగా, పలక మీద ఏం చెక్కించాలని. ఇద్దరి పేర్లూ చెక్కించండి. నాకింకేం వద్దు."

ఆయన తల ఎత్తి ఆమె వైపు చూశాడు. "తప్పు మీద ఎవరైనా పేరు చెక్కించుకుంటారా?"

ఆ మాటతో ఆమె లోపల ఏదో చల్లారిపోయింది. దొంగతనమన్నాడు, ఓర్చుకుంది. తప్పు అన్నాడు. ఊరు ఊరంతా చదివిన తప్పు, ఆయన ఉద్యోగం నిలబెట్టిన తప్పు, ఆయన చేత ఈల వేయించిన తప్పు. ఆమె లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

మర్నాటి నుంచి కంపాసు భోజనాల బల్ల ఆక్రమించాడు. అట్టడుగు పెట్టెలోంచి పాత కంపాసు, సెట్ స్క్వేర్లు తీసి నూనె రాసి తుడిచాడు. వలయాన్ని మొదటి నుంచీ మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. ఆ వయసులో చెయ్యి వణుకుతోంది, అయితేనేం, ముల్లు గుచ్చి తిప్పితే కంపాసు వణకదు. ఈసారి సిరా కూడా తనే నింపుకున్నాడు. గీతలోపలే, నాలుక కొస బయటికి పెట్టి, పిల్లాడిలా. ఆమె ఆ బల్ల పక్కనుంచి రోజూ నడిచేది. భోజనాలు ఒళ్లో కంచాలు పెట్టుకుని కానిచ్చేవాళ్లు. ఇద్దరి మధ్యా ఉప్పు, నీళ్లు, మందుబిళ్లల మాటలే నడిచాయి.

అన్నీ అయ్యాక ఆయన కాగితాలను గోడ వారగా వరసగా నిలబెట్టి, గది ఈ చివరికి వచ్చి చూశాడు. ఒకసారి దగ్గరికి పోయి స్కేలు పెట్టి కొలిచి వచ్చాడు. మళ్లీ చూశాడు. సున్నా దగ్గర ఆయన చూపు ఆగింది. ఆమె వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఆయన వెనక్కి తిరిగాడు.

"ఇదిగో, ఒకసారి చూడు. ఎక్కడైనా తేడా ఉందా?"

ఈ ప్రశ్న కోసం ఆమె గోడ పక్క కూర్చున్న రోజుల నుంచీ ఎదురుచూసింది. ఇది వస్తే ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు కంఠతా వచ్చు. కాగితాల వైపు చూసింది. మొదటి అచ్చులో ఉన్న జబ్బంతా తిరిగి వచ్చి గోడ వారగా వరసలో నిలబడి ఉంది. కుదించుకుపోయిన సున్నా, తూలే ఎనిమిది, గడ్డకట్టిన అతుకులు. కుంచె ఆ గదిలోనే, కుట్టుపెట్టెలో ఉంది. పావుగంట పని.

"గుండ్రాలు గుండ్రంగానే ఉన్నాయండీ," అంది.

ఆయన ముఖం విచ్చుకుంది. వలయం మొదటిసారి నెగ్గిన రోజు నవ్విన నవ్వే. అది చూసి కూడా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. ఇదేం పని వదినా అని ఆ సాయంత్రం ఆడపడుచు నిలదీసింది, కళ్లుండి గోతిలోకి నడిపిస్తావా అంది. అడిగారు, చెప్పాను, అంతకంటే నాకేం పని అంది సిరక్క. ఆడపడుచు మొదటిసారి ఏ సామెతా దొరక్క కిందికి దిగిపోయింది.

కంప్యూటరమ్మాయి కాగితాలు చూసి నీళ్లు నమిలింది. పాతవే బాగున్నాయేమో సార్ అని మెల్లగా అంది. మధ్యలో చేతులు జారి వచ్చిన తప్పులు తీసేశాను, ఇదే అసలు రూపం అన్నాడు కంపాసు. పెద్దాయన మాట కాదనలేక ఆమె పైవాళ్లకు చెప్పింది. పైవాళ్లకు అసలు రూపం అన్న మాట తెగ నచ్చింది. అమ్ముడుపోయే మాట కదా. అసలు వలయం పేరుతో వదిలారు. పలక మీద ఒక్క పేరే చెక్కారు. దాన్ని మొట్టమొదట కొన్నది ఊరి చివర కట్టిన కొత్త పెద్దాసుపత్రి. గది నంబర్లు, బాణం గుర్తులు, మందుల కిటికీ, లిఫ్టు, అన్నిటికీ అదే వేయించారు.

ఆ ఆసుపత్రికే కంపాసును గుండె నొప్పితో తీసుకొచ్చారు. పనిగట్టుకుని ఎంచుకున్నది కాదు, అదే దగ్గర. గది తలుపు తీసి ఉంచితే, నడవా అవతల ఇంకో గది తలుపు, దాని మీద పెద్ద అంకెల్లో అరవై. ఆయన మంచానికి అది సరిగ్గా ఎదురుగా ఉంది. చూడ్డానికి వచ్చిన ఆడపడుచు కుర్చీలో కూలబడి, ఇక్కడ అంకెలకు కూడా ఒంట్లో బాగాలేనట్టుందే అని నాలుక కరుచుకుంది. కంపాసుకు వినబడిందో లేదో తెలియలేదు.

ఆమె వెళ్లిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ పడుతోంది. సిరక్క బత్తాయి ఒలుస్తోంది. ఆయన తలగడ మీద తల అటూ ఇటూ జరిపి తలుపు వైపు చూస్తున్నాడు. ఒక కన్ను మూశాడు. తెరిచాడు, ఇంకోటి మూశాడు. చేతులకు సూదులు, గొట్టాలు. స్కేలు ఇంట్లో చొక్కా జేబులో ఉండిపోయింది. కొలవడానికి కళ్లు తప్ప ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

"ఆ సున్నా," అన్నాడు. "చిన్నదైనట్టు లేదూ?"

సిరక్క చెయ్యి ఆగింది. ఆయన ఇప్పుడు సున్నా వైపు చూడటం లేదు. ఆమె వైపు చూస్తున్నాడు. ఆ చూపులో కంపాసు లేదు, బిరుదు లేదు. భయపడ్డ ముసలాయన ఒకడున్నాడు, చెప్పమని అడుగుతున్నాడు. అవునండీ, వెంట్రుకవాసి దించితే సరిపోతుంది అనొచ్చు. మొదటిరోజు అన్న మాటే. ఈసారి ఆయన నవ్వడు. అది ఆమెకు తెలుసు.

"కొలిచి చూసుకోండి," అంది.

ఆయన తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె బత్తాయి తొనలు గిన్నెలో పెట్టి పక్కన ఉంచింది. ఆయన ముట్టుకోలేదు. ఆ ఒక్క మాట ఎప్పుడో ఒకప్పుడు ఆయనకు తిరిగి ఇచ్చేయాలని ఆమె ఏళ్ల తరబడి దాచుకుంది. ఇస్తే కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

ఆయన మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి ఎక్కువ రోజులు మిగల్లేదు కూడా. ఆయన పోయిన రోజు ఆసుపత్రి కాగితాల పనులన్నీ ఆడపడుచు కింద చూసుకుంటుంటే, సిరక్క ఆయన బట్టలు, కళ్లజోడు, పళ్లసెట్టు సంచిలో సర్దుకుని గదిలోంచి బయటికి వచ్చింది. నడవాలో ఎవరూ లేరు. నాలుగడుగులు వేసి ఎదురు తలుపు ముందు నిలబడింది. సున్నా అడుగున బొటనవేలి గోరు ఆనించి చూసింది. ఎంత దించాలో ఆ గోటికి తెలుసు. ఆయన అడిగినప్పుడు చెప్పలేదు, ఇక అడిగేవాళ్లు లేరు. లోపల ఎవరో దగ్గారు. ఆమె చెయ్యి తీసేసి లిఫ్టు వైపు నడిచింది.